అమ్మ చెవిలో ఈల

అక్కా,

అమ్మ చెవిలో నెలరోజులుగా ఈల వినిపిస్తోందని నువ్వు పెద్ద డాక్టర్ని మాట్లాడావట. వద్దని చెప్పెయ్. తప్పు నాది.

మా ఆవిడ పౌడరు డబ్బా మీద రాగితీగ చుట్టి (డబ్బా సంగతి తనకి చెప్పకు) నా గదిలో ఒక సర్క్యూట్ కట్టాను. ఒకసారి మొదలైతే, బ్యాటరీ తీసేదాకా అందులో కరెంటు దానంతటదే అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. అమ్మ చెవి మిషన్లోనూ బుల్లి కాయిల్ ఉందట. అది ఈ ఊపుని పట్టేసి ఈలగా వినిపిస్తోంది.

నిన్న అమ్మ దగ్గర ఒప్పుకుని ఆపేశాను. పావుగంట సేపు నేనూ మా ఆవిడా వాదించుకోవడం విని, "ఆ ఈలే నయం, మళ్ళీ పెట్టరా" అంది.

వచ్చే నెల మీ ఇంటికొస్తుందిగా. అక్కడికీ ఒకటి చుట్టిమ్మంది.

నీ తమ్ముడు