బస్సు వెనక సీటు దాకా

గ్రీన్‌విల్ రేవులో, పడవ మీద నుంచి
ఏప్రిల్ 17, 1994

చిరంజీవి జెనీవాకు మీ నాన్న ముద్దులు, దీవెనలు.

నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వూ అమ్మా మేనత్తా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. మెంఫిస్‌లో సరుకులు తెచ్చిన పడవవాడు దాన్ని నా చేతికిచ్చాడు. ఇంజను గదిలో కూర్చుని నాలుగుసార్లు చదివాను. కాగితానికి నూనె మరకలు అంటుకున్నాయి, ఏమీ అనుకోకు.

వేళకు తింటున్నావా అని అడిగావు. మా వంటావిడ ఓడమ్ గారు పస్తు ఉండనిస్తుందా? నిన్న చిక్కుడు గింజల అన్నం మూడోసారి వడ్డిస్తూ, "రాస్కో, నీ పొట్ట చూసి మీ ఆవిడ నన్ను మెచ్చుకుంటుంది, డాక్టరు నన్ను తిట్టిపోస్తాడు" అంది. నది మాత్రం పొంగి ఉంది. పదిహేను సరుకు బార్జీలను తోసుకుంటూ మలుపు తిరగాలంటే ఇంజనుకూ నాకూ ప్రాణం మీదికొస్తోంది.

ఇక కాలేజీ సంగతి. మే ఒకటికల్లా రాష్ట్ర విశ్వవిద్యాలయం, కోల్డ్ స్ప్రింగ్స్ కాలేజీ, ఈ రెండింట్లో ఏదో ఒకదానికి సంతకం పెట్టి పంపాలన్నావు. రాష్ట్ర విశ్వవిద్యాలయం గురించి నువ్వు రాసింది చదివి నవ్వాను. "అక్కడి బ్యాండు నడుస్తుంది నాన్నా, కోల్డ్ స్ప్రింగ్స్ బ్యాండు ఎగురుతుంది." నిజమే. మా కోల్డ్ స్ప్రింగ్స్‌లో ఫుట్‌బాల్ ఆట జరుగుతుండగా జనం వేయించిన చేపలు కొనుక్కోడానికి లేస్తారు. మధ్య విరామంలో బ్యాండు మైదానంలోకి దిగాక ఒక్కడూ సీటు వదలడు. ఇంజనీరింగ్ కూడా రెండుచోట్లా గట్టిదే. కోల్డ్ స్ప్రింగ్స్ ప్రయోగశాలలు పాతవని ఫోనులో నేను గొడవ చేశాను చూడూ, అది సాకు. మీ అమ్మ అప్పుడే పసిగట్టింది. "పిల్ల ట్రాంబోన్ బూరా తీసుకుని నువ్వు చదివిన చోటికి పోతానంటే నీ గొంతు ఎందుకలా మారిపోతుంది?" అని నిలదీసింది. లైను సరిగా లేదని పెట్టేశాను.

జెనీవా, నాకు భయంగా ఉంది. నీ ఉత్తరం చదివిన నాలుగుసార్లూ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను. ట్రాంబోన్ వరుస పెద్దమ్మాయి నీకు ఫోను చేసి, "బస్సులో చలేస్తుంది చెల్లీ, లోపల రెండు స్వెటర్లు వేసుకురా" అందని, ఎంత మంచిదో అని మురిసిపోయావు. కొత్తవాళ్లు ఆ బస్సెక్కేది ఆగస్టులో. మన మిసిసిపీలో అప్పుడు చలేమిటి తల్లీ?

ఆ మాట నేనూ అన్నాను, ఇరవై రెండేళ్ల కిందట. అప్పుడు ట్రాంబోన్ వరుసకు నేనే పెద్దని. యాజూ సిటీ నుంచి లెమ్యూల్ గాడ్సన్ అని ఒక బక్కపలచని కుర్రాడు కొత్తగా చేరాడు. "చలేస్తుందిరా, రెండు స్వెటర్లు వేసుకురా" అన్నాను. "మా అమ్మ కూడా ఇంత పట్టించుకోదన్నా" అన్నాడు వాడు.

ఆట అయ్యాక, ఇంకా ఎండ ఉండగానే, బస్సు కిటికీలకు కాగితాలు అంటించాం. కొత్తవాడు ట్రాంబోన్ పెదవుల దగ్గర ఎత్తి పట్టుకుని, డ్రైవరు సీటు దగ్గర్నుంచి వెనక సీటు దాకా నడవాలి. రెండు పక్కల నుంచీ పిడికిళ్లు, డప్పు కర్రలు; స్వెటర్లు అందుకే. ట్రాంబోన్ దించితే మళ్లీ మొదటి నుంచి. మేమంతా అలా నడిచినవాళ్లమే. అది ప్రేమ అనుకున్నాం, ఒట్టు, నిజంగానే అనుకున్నాం. వెనక సీటు దగ్గర నేను నిలబడ్డాను. లెమ్యూల్ రెండుసార్లు దించాడు. రెండుసార్లూ "మళ్లీ" అన్నది నేను. మూడోసారి వాడు నా దాకా వచ్చాడు. అందరం వాణ్ని కావలించుకుని ఏడ్చాం, పాడాం.

తెల్లారేసరికి వాడి కుడిచేతి వేళ్లు ముడుచుకోలేదు. ఇంజనీరింగ్ డ్రాయింగు నేర్చుకోవడానికి వచ్చినవాడు, పెన్సిలు పట్టలేకపోయాడు. డాక్టరు అడిగితే, నా వైపు ఒకసారి చూసి, "మెట్ల మీంచి పడ్డానండీ" అన్నాడు. క్రిస్మస్‌కు ఊరెళ్లినవాడు తిరిగి రాలేదు. డ్రాయింగు గదిలో వాడి బల్ల ఖాళీగా కనబడుతుంటే నేను అక్కడ కూర్చోలేకపోయాను. వసంతకాలంలో నేనూ వచ్చేశాను.

"లెక్కల్లో తప్పినవాడివి నాకు కాలిక్యులస్ ఎలా చెప్పగలుగుతున్నావు?" అని అడిగావే, ఇదీ జవాబు. నేను లెక్కల్లో తప్పలేదు. మీ అమ్మకు కూడా ఆ అబద్ధమే చెప్పాను. ఈ ఉత్తరం చదివాక ఆవిడకు ఇవ్వు.

నువ్వు దెబ్బలు తింటావేమోనన్నది నా భయంలో సగమే. నువ్వు మొండిదానివి, తట్టుకుంటావు, ట్రాంబోన్ దించవు. మూడో ఏడు ఆ వెనక సీటు దగ్గర నువ్వు నిలబడతావేమోనని అంతకన్నా భయం. దెబ్బ తగిలితే ఎప్పటికో ఒకప్పటికి నాతో చెప్తావు. నువ్వే ఎవరినైనా కొడితే చెప్పవు. నేను ఎవరితోనైనా చెప్పానా?

అందుకే అక్కడి బ్యాండు మాస్టారికి ఇంకో ఉత్తరం రాశాను. నేను చేసింది రాశాను, లెమ్యూల్ పేరు రాశాను, ఇంకా జరుగుతోందనీ రాశాను. నీ పేరు ఎక్కడా రాయలేదు. కానీ కింద నా పేరుంది, మన ఇంటిపేరుంది, వాళ్లకు తెలిసిపోతుంది. నువ్వు ఆ వరుసలో చేరితే నీతో ఎవరూ మాట్లాడకపోవచ్చు. ముందు నిన్ను అడగాల్సింది. అడిగితే వద్దంటావని భయపడి అడగలేదు. పొద్దున్నే రేవులో ఆ ఉత్తరం పోస్టు చేసి వచ్చి, తర్వాత నీకిది రాయడానికి కూర్చున్నాను.

ఎక్కడ చేరతావో నీ ఇష్టం, నేను అడ్డురాను. కోపం వస్తే నాలుగు పేజీలు తిడుతూ రాయి తల్లీ, రాయడం మాత్రం మానకు.

ఇట్లు,
నిన్ను చూసి గర్వపడుతూ, భయపడుతూ ఉండే
మీ నాన్న