కొండముచ్చు మనకు ఏ వరస?

పుణె

తాతకు, నీ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకున్న మనుమరాలు ప్రాజక్త దండం పెట్టి రాస్తున్నది.

ఫోన్‌లో నువ్వు పెట్టిన షరతు ప్రకారమే ఈ ఉత్తరం తెలుగులో, చేత్తో రాస్తున్నాను. మరాఠీ బడి నుంచి రాగానే నన్ను కూర్చోబెట్టి టవళ్ల ప్యాకింగ్ అట్టల మీద అఆలు దిద్దించేవాడివి. అందుకే ఇప్పటికీ 'క్ష' రాస్తుంటే కొత్త టవల్ వాసన వస్తుంది. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపవద్దు.

విషయం ఏమిటంటే, ఇక్కడ నేను చదివేది మనిషి పుట్టుపూర్వోత్తరాల శాస్త్రం. ఒకరు పొట్టిగా, ఒకరు పొడుగ్గా ఎందుకుంటారు, ఒకరికి పాలు అరిగి ఇంకొకరికి ఎందుకు అరగవు, ఇలాంటివి. తెలంగాణ నుంచి సోలాపూర్ వచ్చి స్థిరపడిన మన నేత కుటుంబాలవాళ్ల ఉమ్మి నా ప్రాజెక్టుకు కావాలి. చిన్న చిన్న గొట్టాలు పంపుతున్నాను. ఇష్టమున్నవాళ్లు అందులో ఉమ్మి, కాగితం మీద సంతకం పెడితే చాలు. నువ్వు చెబితే భవాని పేట్ అంతా వింటుంది.

ఇంకొకటి. మనిషి కోతికి పుట్టాడని నేను చదువుతున్నట్టు నువ్వు అందరికీ చెబుతున్నావట. కాదు తాతా. ఇప్పుడున్న కోతుల నుంచి మనం రాలేదు. వాటికీ మనకూ ఎప్పుడో ఒకే పూర్వీకులు. అంటే అవి మనకు చుట్టాలు, అంతే.

నీ ప్రాజక్త

తా.క. మా క్లాసులో రుషికేశ్ అని సాతారా అబ్బాయి ఉన్నాడు. ముసలివాళ్ల చేత ఉమ్మించడం నీ వల్ల కాదని నాతో పందెం కాశాడు.

*

భవాని పేట్, సోలాపూర్

చిరంజీవి ప్రాజక్తకు తాత దశరథ్ దీవెనలు. మీ అమ్మమ్మ గోదావరి మోకాలు తప్ప ఇంట్లో అన్నీ కుశలం.

నీ జాబు మన టవళ్ల టెంపోలో భద్రంగా చేరింది. జవాబు కూడా పుణె వెళ్లే టెంపోలోనే పంపుతున్నాను. మగ్గాలు ఆపించి, చాయ్ వేళ షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. మరమగ్గాల మధ్య పుట్టి పెరిగిన మనకు మెల్లగా మాట్లాడడం రాదు కదా. మగ్గం ఆగినా గొంతు ఆగదు. మా నాన్న దైవసన్నిధిలో కూడా అరిచే మొక్కేవాడు, పక్క భక్తులు తమ కోరికలు మరిచిపోయేవారు. సరే, ఆ కథ మరోసారి.

అందరూ గొట్టాలను వెలుతురుకు పట్టి చూశారు. ఎవరూ ఉమ్మలేదు. కారణం నీ జాబులోనే ఉంది. కోతులు మనకు చుట్టాలు అన్నావు కానీ, ఏ వరసో రాయలేదు. వరస లేని చుట్టం ఉంటుందా తల్లీ? మేనత్త పిల్లలైతే బావామరదళ్లు. పెద్దనాన్న పిల్లలైతే అన్నాచెల్లెళ్లు. ఎవరింటికి పిల్లనివ్వాలి, ఎవరు పోతే తలస్నానం చేయాలి అన్నీ ఆ తేడాలోనే ఉన్నాయి. మా తమ్ముడు సిద్ధరాములు లేచి, "వరస దెల్వని సదువుకు ఉమ్మి ఎట్ల ఇస్తమే?" అన్నాడు.

నీకు తెలుసుగా, మీ చిన్నతాత ఇప్పుడు ఏమన్నా అలకతోనే అంటాడు. నీ మేనమామ కూతురు సుప్రియకు కుమఠా నాకాలో ఉండే భరత్‌తో సంబంధం కుదిరిన సంగతి అతనికంటే ముందు జాకెట్లు కుట్టే ఆమెకు తెలిసిందట. వచ్చే గురువారమే పెళ్లి. ఈ పెళ్లి ఎలా ఆగుతుందా అని అతను ఎదురు చూస్తున్నాడు, అతను ఏ వంక పట్టుకుంటాడా అని నేను చూస్తున్నాను.

వరస తేల్చి వెంటనే రాయి.

ఆశీస్సులతో,
దశరథ్

తా.క. నీకో టవల్ పంపుతున్నాను. నేరేడు రంగు అంచు మీద నెమలికంఠం గీత. మిగిలిన నూలుతో నేనే దగ్గరుండి వేయించాను. ఆ నూలు అయిపోయింది, కాబట్టి లోకంలో ఇలాంటిది ఇదొక్కటే. ఎవరికీ వాడుకోను ఇవ్వకు.

*

పుణె

తాతకు ప్రాజక్త నమస్కారాలు.

పరీక్ష మధ్యలో రాస్తున్నాను, కాబట్టి పొట్టి ఉత్తరం. శాస్త్రంలో బావలూ మేనత్తలూ ఉండరు తాతా. నీకు వరసే కావాలంటే, ఒకే ఇంట్లోంచి వేరుపడినవాళ్లం కాబట్టి దాయాదులు అనుకో. చింపాంజీ దగ్గరి దాయాది. మన పేటలో కప్పుల మీద దూకే కొండముచ్చు దూరపు దాయాది. ఇక దయచేసి ఉమ్మించు.

తొందరలో,
ప్రాజక్త

తా.క. టవల్ చాలా బాగుంది. బీరువాలో దాచాను. ఎవరికీ ఇవ్వను.

*

భవాని పేట్

చిరంజీవి ప్రాజక్తకు తాత ఆశీర్వచనాలు. ఇంట్లో కుశలం అని రాయడానికి ఈసారి కలం కదలడం లేదు.

నీ జాబు చదివిన మర్నాడు పొద్దున మన షెడ్డు కప్పు మీద ఒక ముసలి కొండముచ్చు కన్నుమూసింది. ఎవరూ కొట్టలేదు, కరెంటు తగల్లేదు. వయసు తీరి, ఎండకు వీపు పెట్టి, పెద్దమనిషిలా పోయింది. మన దగ్గర వానరం పోతే ఊరేగించి సమాధి చేయడం ఉన్నదే కదా. పూలు తెచ్చారు, తాళాలు తెచ్చారు. నేను ఒక టవల్ ఇవ్వబోయాను. ఇంతలో సిద్ధరాములు కొత్త చద్దరు, అదీ పెళ్లివారికి పెట్టడానికి దాచిన రకం, తెచ్చి కప్పాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

సమాధి కాగానే మంగలిని పిలిపించుకుని మీసం తీయించేసుకున్నాడు. మీసం లేకుండా మీ చిన్నతాతను నేను పెళ్లినాటి నుంచీ చూడలేదు. ఆ పైపెదవి మన కుటుంబంలో ఎవరి పోలికో తెలియకుండా ఉంది. ఆ ముఖంతో వచ్చి గుమ్మంలో నిలబడి అన్నాడు.

"అన్నా, మన కప్పు మీదనే దాయాది పానం ఇడిసిండు. పది రోజులు సూతకం. గురువారం పెండ్లి ఎట్ల జేస్తవ్?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు. నీ జాబు తెచ్చి, 'దూరపు దాయాది' అన్న చోట వేలు పెట్టి చూపించాడు. "నీ మనుమరాలే రాసింది గదా. పుణెల సదివిన పిల్ల అబద్ధం రాస్తదా?" అన్నాడు. చదివి వినిపించింది నేనే, నువ్వు ఎంత చదివావో గొప్పలు చెప్పింది నేనే. పెళ్లి ముహూర్తం పెట్టిన అయ్యగారి దగ్గరికి వెళితే ఆయన నీ జాబు రెండువైపులా చూసి, కోతి సంగతి తన పుస్తకాల్లో లేదు గానీ దాయాది సంగతి మాత్రం ఉందని చెప్పి తల గోక్కున్నారు. భరత్ వాళ్ల నాన్న కబురు పంపాడు: మైల ఇంటి పిల్లను మేమెట్లా తీసుకుపోతాం, ముందు మీరు తేల్చుకోండి అని.

సుప్రియ అన్నం ముట్టడం లేదు. నీతో వదినా అని పిలిపించుకునే ఆ పిల్ల ఇప్పుడు నీ పేరు వింటే అటు తిరిగి పడుకుంటోంది.

నువ్వు వేసిన ముడి నువ్వే విప్పాలి.

దిగులుతో,
తాత

తా.క. ఉమ్మి సంగతి: సూతకంలో ఉమ్మవచ్చా లేదా అనే చర్చ వేరే నడుస్తోంది.

*

పుణె

తాతా, నీ కాళ్లకు మొక్కుతున్నాను. ముందుగా ఒక మాట: ఈ ఉత్తరం గట్టిగా చదవకు.

నాకు నిద్ర పట్టడం లేదు. సుప్రియ వదిన ఫోన్ ఎత్తడం లేదు. నీ పద్ధతిలోనే చెబుతాను, విను. ఏడు తరాలు దాటిన దాయాదికి పది రోజుల మైల ఉండదు, ఒక్క స్నానంతో సరి అని నువ్వే కదా నాకు చెప్పావు? కొండముచ్చులూ మనమూ వేరుపడి రెండున్నర కోట్ల ఏళ్ల పైమాటే. ఏడు తరాలు ఎప్పుడు దాటాయో లెక్కపెట్టే ఓపిక చిన్నతాతకు ఉంటే లెక్కపెట్టమను.

అయినా ఈ లెక్కన పోతే లోకంలో ఎవరు పోయినా మనకు సూతకమే. ఈ భూమ్మీద ఉన్న మనుషులందరినీ తల్లి, తల్లి తల్లి అంటూ వెనక్కి తీసుకుపోతే, లక్షన్నర ఏళ్ల కిందటో ఇంకా ముందో ఆఫ్రికాలో బతికిన ఒకే ఒక్కామె దగ్గర కలుస్తాం. అప్పుడు ఆమె ఒక్కతే ఆడమనిషి అని కాదు. మిగతావాళ్లకు కూతురు, కూతురి కూతురు అంటూ సాగే వరస మధ్యలో ఎక్కడో తెగింది, ఆమెది తెగలేదు. అంతమాత్రాన రోజూ మీసాలు తీయించుకుంటామా?

పరీక్ష వల్ల నేను వెంటనే రాలేను. గొట్టాలు తీసుకురావడానికి రుషికేశ్ వస్తున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. తెలుగు రాదు, మంచివాడు. ఏమీ అనకు.

క్షమించమంటూ,
ప్రాజక్త

తా.క. అతనికి మన ఇంటి సంగతులేవీ తెలియవు.

*

భవాని పేట్

చిరంజీవి ప్రాజక్తకు తాత, అమ్మమ్మ దీవెనలు. ఇంట్లో అందరూ కుశలం, అమ్మమ్మ మోకాలితో సహా.

గట్టిగా చదవవద్దన్నావు కదా, తలుపు వేసుకుని చదువుకున్నాను. నా మామూలు గొంతుతోనే. తలుపు తీసేసరికి పేట సగం గుమ్మంలో ఉంది, ముందు వరసలో సిద్ధరాములు.

ఏడు తరాల మాటకు అతను వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి మానేశాడు. తర్వాత తల ఎత్తి, "సరే, స్నానం జేస్త. కని లోకానికి తల్లి ఒక్కతే అయితె పిల్ల, పిలగాడు అక్కాతమ్ములే గదా? గీ పెండ్లి ఎట్లయితది?" అన్నాడు. సుప్రియ తలుపు చాటు నుంచి నన్ను చూస్తోంది.

మీ అమ్మమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చేతిలో బీడీకి దారం చుట్టడం పూర్తయ్యేదాకా ఆగి, తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమయ్యా మరిదీ, ఆ తల్లికి కొడుకు, బిడ్డ ఇద్దరు పుట్టిండ్రా లేదా? కొడుకు పిల్లలు, బిడ్డ పిల్లలు ఏమైతరు? బావమరదండ్లే గదా. నువ్వు మేనమామ బిడ్డను జేసుకున్నవ్, గప్పుడు యాది రాలేదా?"

గుమ్మంలో ఉన్నవాళ్లందరూ సిద్ధరాములు వైపు తిరిగారు. నేను ఆ సందులోనే తమ్ముడి దగ్గరికి వెళ్లి, సూతకం గొడవతో ఆగిపోయిన మొదటి లగ్నపత్రిక మీద పసుపు పెట్టి అతని చేతికిచ్చి, "ఇది నీ చేత్తోనే దేవుని ముంగట పెట్టు," అన్నాను. అతను దాన్ని కళ్లకు అద్దుకున్నాడు. తర్వాత స్నానానికి నీళ్లు అడిగాడు. రుషికేశ్ పక్కనే నిలబడి ఉన్నాడు కాబట్టి చెంబు అతని చేతికిచ్చాం. తెలుగు ఇంటికి వచ్చినవాళ్లు మొదట పెద్దాయనకు నీళ్లు పోయడం ఆచారమనుకుని, పాపం, భక్తిగా పోశాడు.

రేపే పెళ్లి. సుప్రియ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. ఉమ్మి గొట్టాలు అన్నీ నిండాయి. సిద్ధరాములు తనకు రెండు కావాలన్నాడు.

ఇక అసలు విషయం. నీళ్లు పోసి తానూ తడిసిన రుషికేశ్, సంచిలోంచి టవల్ తీసి ముఖం తుడుచుకున్నాడు. నేరేడు రంగు అంచు, నెమలికంఠం గీత. నాకంటే ముందు మీ అమ్మమ్మ చూసింది. మరాఠీలో, ఎంతో తీయగా, బాబూ ఇది ఏ దుకాణంలో కొన్నావని అడిగింది. అబ్బాయి అబద్ధం చెప్పలేదు. ముఖం మాత్రం అంచు రంగుకు తిరిగింది.

మంచివాడు అన్నావు, ఒప్పుకుంటాను. మన ఇంటి సంగతులు తెలియవన్నావు, మరి తన మోకాలు ఎలా ఉందని అడిగాడేమిటి అని మీ అమ్మమ్మ నవ్వుతోంది. సాతారావాడు కదా, మనవాడు కాదు కదా అని నేను గొణుగుతుంటే, ఆఫ్రికా తల్లికి వాళ్లు కొడుకు వైపు, మనం బిడ్డ వైపు అని ఆమె అప్పటికే తేల్చేసింది. వరసకు బావే అవుతాడట.

అతన్ని వెనక్కి పంపడం లేదు. పరీక్ష రాయగానే సాయంత్రం టెంపోలో వచ్చి నువ్వే తీసుకుపో. టవల్ కూడా.

ఆశీస్సులతో,
తాత దశరథ్

తా.క. చిన్నతాతకు విడిగా ఒక జాబు రాసి నీ వెంట తెచ్చి ఇవ్వు. రుషికేశ్ సంగతి నీ నోటి నుంచి మొదట తనకే తెలిసినట్టు ఉండాలి. మేము ఏమీ తెలియనట్టు ఉంటాం.

మరో తా.క. మీ అమ్మమ్మ ఇప్పుడు ఇంకో అనుమానం తెచ్చింది. కొండముచ్చులు కూడా బిడ్డ వైపువాళ్లయి ఉంటే దాయాదులు కారు, వియ్యంకులవుతారట. అప్పుడు సూతకమే లేదు, మీసం ఊరికే పోయినట్టు. ఈ మాట సిద్ధరాములుకు పెళ్లయ్యాక చెబుదామనుకుంటున్నాం.