అట్ట వెనక దిద్దుబాటు

ఏమండీ,

కంప్యూటర్ ఆటలమ్మే సైటు ఈ సాయంత్రం మూసేస్తున్నారట. మనం కొని ఆడినవాటిలో ఆ అడవి ఆటొక్కటే దాచుకోవడం మిగిలింది, వెంటనే మళ్ళీ దించుకుని డిస్కులోకి ఎక్కించండి. డబ్బాలో పెట్టేముందు ఒకసారి కంప్యూటర్లో పెట్టి చూడండి. పోయినసారి నేను మా ప్రెస్సులో రంగుల అట్ట వేసి తెస్తే, మీరు అందులో ఖాళీ డిస్కు పెట్టి అలమరలో నిలబెట్టారు. పైన పటారం, లోన లొటారం! పేరు మార్కర్‌తోనే రాయండి, బాల్‌పెన్నుతో గీకకండి. కొత్త అట్ట బల్ల మీద ఉంది. నేను పనికి వెళ్తున్నాను.

అన్నట్టు, మీరు అట్ట వెనక ‘ఒక్కరు ఆడే ఆట’ అని వేయమన్నారు. ‘ఇద్దరు’ అని దిద్దాను. పక్కన కూర్చుని నేను దారి చెప్పకపోతే, మీరింకా ఆ అడవిలో మొదటి వంతెన దగ్గరే ఉండేవారు.