దీపానికి పోసిన నూనె

పెబ్బేరు,
11-9-2004, శనివారం.

చిరంజీవి తమ్ముడు శ్రవణ్ కుమార్‌కు పెద్దక్క ఆశీస్సులు. ఆంజనేయుని దయతో ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావ మోకాళ్ళ నొప్పి మామూలే. మరదలు, పిల్లలు క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. "చదువులేని ఆడవాళ్ళను నమ్ముకోవడం నా బుద్ధితక్కువ" అని రాశావు. బుద్ధితక్కువ మాట నిజమే. సూది పొడిచి రక్తం తీయడానికి కారులో వచ్చి, గడప దాటకుండా ఖాళీ నూనె ప్యాకెట్లు లెక్కపెట్టుకుని పోయావు. ఒక్క ఇంట్లోనైనా మూకుడులోకి వంగి చూశావా? రుక్కమ్మ పేరు కూడా అడగలేదు. "మూడో నంబరు, చెయ్యి చాపు" అన్నావు.

నీ పరిశోధన కోసం వంటకు నువ్వుల నూనె ఇచ్చిన మా ఆరుగురిలో రుక్కమ్మ ఒక్కదాని రక్తంలోనే ఇ విటమిన్ ఎట్లా పెరిగిందని అడిగావు. దొంగతనంగా బిళ్ళలు మింగి ఉంటుందట. ఆమె పేరు కొట్టేసి, నువ్వుల నూనెలో ఏ గుణమూ లేదని రాస్తావట. కూలికి పోయే మనిషి. జ్వరం బిళ్ళకే రెండు రోజులు ఆలోచిస్తుంది. ఇంత చదివి నీకు తట్టింది ఇదా?

నువ్వుల్లోని పదార్థమేదో ఒంట్లో ఉన్న ఇ విటమిన్‌ను వృథాగా పోనివ్వదని మొదటి రోజు నువ్వే చెప్పావు. తింటే కదా.

ఇక దాచను. నీ పీహెచ్‌డీ పూర్తి కావాలని నలభై రోజులు గుడిలో దీపం మొక్కుకున్నాను. నువ్విచ్చిన నూనెతోనే పెట్టాను. నువ్వుల నూనె శనిదేవునిది, కూరలోకి పనికిరాదని మిగతావాళ్ళకూ చెప్పాను. ఐదిళ్ళ ప్యాకెట్లూ దీపానికే పోయాయి. వంట పల్లీనూనెతోనే చేసుకున్నాం. నీ రిజిస్టరులో రోజూ 'తిన్నారు' అని రాసింది నేనే.

రుక్కమ్మ ఒక్కతే వినలేదు.

"ఆకలైతుందని దేవుడు నీకు చెప్పిండా అక్కా? నాకైతే అయితుంది. నేను కూరల పోసుకుంట."

"తిండి తప్ప నీకేం తెల్వదే" అని అందరిముందు ఈసడించాను.

"తెల్వదక్కా. తిననీకె ఇచ్చిండు, తింటున్న" అని నవ్వింది.

చదువుకున్న నువ్వు, పూజలు చేసే నేను, ఇద్దరం కలిసి ఆమెను దొంగను చేశాం. చెప్పినట్టు చేసింది ఆమె ఒక్కతే.

కొట్టేయాల్సినవి ఐదు పేర్లు. మొదట నాది కొట్టు. పని మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తే పెట్టు. ఈసారి రిజిస్టరు రుక్కమ్మ ఇంట్లో ఉంచు. ఆమె చెబుతుంది, వాళ్ళ పాప రాస్తుంది. ఈ ఉత్తరం డబ్బాలో వేసి ఆమె దగ్గరికే పోతున్నాను. ఈ రోజు గుడికి పోవడం లేదు.

ఇట్లు,
నీ పెద్దక్క
నాగేంద్రమ్మ