కౌలు బిల్లులో మూడో పేజీ

తాల్‌బగీచా, ఖరగ్‌పూర్
ఆదివారం

అన్నయ్యకు సుగుణ నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం, అక్కడ మీరంతా కూడా అలాగే ఉన్నారనుకుంటాను. వదిన దగ్గు తగ్గిందా? పిల్లలు బడికి సరిగా వెళ్తున్నారా? నా గురించి బెంగ పెట్టుకోవద్దు, నేను బాగానే ఉన్నాను.

వానలు వదలడం లేదు. రైల్వే వర్క్‌షాపులో ఆయన షిఫ్టులు మారుతూనే ఉంటాయి, చాలా పూటలు ఒక్కదాన్నే తింటాను. ఆవనూనె వాసనకు అలవాటు పడ్డాను కానీ కూరలో పంచదార మాత్రం ఇంకా గొంతు దిగదు. ప్రేమ్ బజార్‌లో టైపింగ్ షాపు పని బాగానే సాగుతోంది. అక్కడ జరిగిన సంగతి నీకు చెప్పి తీరాలి.

పదిరోజుల కిందట మన జిల్లా రైతు సంఘం వాళ్లు నలుగురు వచ్చారు. బెంగాల్లో కౌలు రైతుల పేర్లు ప్రభుత్వ రికార్డులోకి ఎలా ఎక్కాయో చూసి, మన రాష్ట్రంలో అలాంటి చట్టానికి ముసాయిదా రాసి ప్రభుత్వానికి ఇస్తారట. చట్టాలు పుట్టేది తమ సంఘం కలంలోంచేనని అధ్యక్షుడు షాపులో అడుగు పెడుతూనే చెప్పాడు. మడత నలగని చొక్కా, మెడలో ఆకుపచ్చ కండువా. ఆ కాళ్లకు బురద అంటి ఎన్నేళ్లయిందో. నాకు బంగ్లా వచ్చని తెలిసి నన్నే దుబాసీగా తీసుకెళ్లారు.

ఊరి బయట మాలతీ దీదీ అనే కౌలు రైతు పొలానికి వెళ్లాం. అధ్యక్షుడు కారు దిగలేదు. అద్దం దించి, ఆమెను పక్కన నిలబెట్టి ఫోటో తీయించుకున్నాడు. గట్టు మీదకు వచ్చింది జగన్నాయకులు తాత ఒక్కడే. సంఘంలో కౌలు రైతుల విభాగానికి ఆయన పెద్ద. ఆ నలుగురిలో నిజంగా దున్నేవాడు కూడా ఆయనొక్కడే.

మాలతీ దీదీ తన పేరున్న రికార్డు కాగితం తెచ్చి చూపించింది. "ఈ కాయితం మీద బూమి సొంతదారు సంతకం ఏదమ్మా?" అని తాత అడిగితే నేను బంగ్లాలో చెప్పాను. మాలతీ దీదీ నవ్వింది. తన మామగారి కాలంలో అధికారులు పొలానికే వచ్చి, చుట్టుపక్కల దున్నేవాళ్లను అడిగి పేరు రాసుకున్నారట. యజమాని సంతకం కావాలని ఉంటే తామెవరూ ఇక్కడ మిగిలేవాళ్లం కాదంది.

మర్నాడు అధ్యక్షుడు చెప్తుంటే టైపు చేశాను. మూడో పేజీలో, భూ యజమాని సంతకం చేసి ఇచ్చినవారినే కౌలు రైతుగా గుర్తించాలి అన్నాడు. నా చేతులు ఆగిపోయాయి. పోయినేడు తుఫానుకు నీ కౌలు చేను మునిగితే పరిహారం జాబితాలో యజమాని పేరే వచ్చింది. సంతకం కోసం వెళ్తే, రేపు భూమి నాదంటావు పో అని నిన్ను అరుగు కూడా ఎక్కనివ్వలేదు.

"ఈ ముక్క ఉంటే మా అన్నయ్యకి ఏటీ రాదండి," అన్నాను.

"నీకేటి తెలుసు? ఎమ్మెల్యేలందరికీ బూములున్నాయి. ఆళ్లు ఒప్పుకోకపోతే బిల్లు కదల్దు," అన్నాడు.

ఎమ్మెల్యేల దాకా ఎందుకు, అధ్యక్షుడి భూములే కౌలుకిచ్చి ఉన్నాయని వెంట వచ్చిన కార్యదర్శి దారిలో చెప్పనే చెప్పాడు. రైతుల కోసం చట్టాలు రాసే పెద్దమనుషులు వీళ్లు.

తాత అప్పుడు నోరు విప్పాడు. "ఆ ముక్క తీసెయ్. ఉంటే నాను సంతకం ఎట్టను."

కౌలు రైతు సంతకం లేని కౌలు బిల్లుకు విలువ లేదు కనుక తీసేశారు. పక్క రైతుల సాక్ష్యం, గ్రామసభ ఆమోదం చాలని తాత రాయించాడు. ఆఖరి పేజీలో అందరూ సంతకాలు చేశారు.

ఆ మర్నాడు పొద్దున్నే అధ్యక్షుడొక్కడే వచ్చాడు. "మూడో పేజీ పాతది కొట్టి ఇయ్యమ్మా. సంతకాలు ఆఖరి పేజీలో కదా ఉన్నాయి," అన్నాడు, టీ తెమ్మన్నంత తేలిగ్గా. నేను ఇవ్వనన్నాను. మీ ఆయనకు మంచి షిఫ్టు వేయిస్తానన్నాడు. ఈ ఊళ్లో ఆయన మాట వినేదెవరో. చివరికి మన జిల్లాలో ఎవరిచేతో టైపు చేయించి, ఫోన్‌కు తెప్పించుకుని, పక్క షాపులో ప్రింటు తీయించుకున్నాడు. ఆ షాపు దీదీయే వచ్చి నాకు చెప్పింది.

సరైన మూడో పేజీ రెండు ప్రతులు తీసుకుని స్టేషన్‌కు పరుగెత్తాను. నలుగురూ ప్లాట్‌ఫారం మీద రైలు కోసం చూస్తున్నారు. ఫైల్లో మూడో పేజీ ఒకసారి చదవమని తాతకు చెప్పాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు. అంతసేపూ అధ్యక్షుడు రైళ్ల బోర్డు చూస్తూ నిలబడ్డాడు.

"ఇదేటి బాబూ?" అన్నాడు తాత.

"టైపింగులో పొరపాటు," అన్నాడు అధ్యక్షుడు నన్ను చూపిస్తూ. ఆ మాటకు కూడా సిగ్గుపడలేదు.

తాత ఆఖరి పేజీ ఊడదీసి, నా చేతిలోని పేజీ ఒకటి తీసుకుని, రెండూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా సంతకం నా కాడే ఉంటాది. సర్కారోళ్ల ముందు సబలో నానే సదివి ఇస్తాను." మిగిలిన ఇద్దరూ మెల్లగా జరిగి తాత పక్కన కూర్చున్నారు. గాలి ఎటు వీస్తే అటు జరగడమే వాళ్ల ధైర్యం.

నిన్న తాత ఫోన్ చేశాడు. వచ్చే వారం మన జిల్లాలో ప్రభుత్వ కమిటీ కౌలు రైతుల మాట వింటుందట, తాత కాగితం కూడా తీసుకుంటామన్నారట. అధ్యక్షుడు మాత్రం కౌలు రైతుల కోసం పోరాడానని అప్పుడే పత్రికలో ఫోటో వేయించుకున్నాడు.

రెండో ప్రతి ఇందులో పెట్టాను. తాతతో పాటు నువ్వూ వెళ్లు. వీళ్లను నమ్మి ఇంట్లో కూర్చుంటే మళ్లీ ఏ పేజీ మారుస్తారో.

చిన్నాన్నకు, పిన్నికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే కందిపొడి పంపించమని వదినతో చెప్పు. మీ అందరి దీవెనలూ మా మీద ఉండాలి.

ఒక్క మాట అన్నయ్యా. కమిటీ వాళ్లు నువ్వెవరని అడుగుతారు. ఫలానా వారి పొలం చేస్తానని అలవాటుకొద్దీ అనకు. నీ పేరు చెప్పు.

నీ చెల్లెలు
సుగుణ