కంది ఆకు చుట్టూ నీలివెలుగు

బావా, మన ప్రణవికి డాక్టరేటు వచ్చేసింది!

పురుగుమందు కొట్టిన ఆకును వెలుగును బట్టి గుర్తుపట్టొచ్చా అన్నదే దాని పరిశోధన. యాలాల్ నుంచి నువ్వు పంపిన మందు కొట్టిన కంది ఆకునూ, తాండూరులో నా చేలోని మందు కొట్టని ఆకునూ చీకటిగదిలో పెట్టి, హైవోల్టేజీ కరెంటుతో ఫొటోలు తీసింది. రెండింటి చుట్టూ ఒకేలాంటి నీలివెలుగు!

"ఈ వెలుగు ఆకుల తడిని చూపిస్తది గని మందును పట్టియ్యదు నాయినా" అన్నది బిడ్డ. చదువంతా వృథా అయిందేమో అనుకున్నాను. ఉన్నదున్నట్టు రాసినందుకే పెద్ద సార్లు మెచ్చుకున్నారట! "నా ఆకే ఎక్కువ మెరుస్తది" అని నీతో కట్టిన పందెం ఓడిపోయాను బావా, ఇంత సంబరంగా ఎన్నడూ ఓడలేదు.

అక్కకు, పరిగి చిన్నమ్మకు, దౌల్తాబాద్ మామకు ఈరోజే చెప్పు. నీ చేనుకు నువ్వు చెప్పు, నా చేనుకు నేను చెప్పుకుంటాను.

నీ బామ్మర్ది