చిట్టి గదికి నీలం

స్టాంగర్, దక్షిణాఫ్రికా,
ఆదివారం.

అక్కకు సుశీల నమస్కారాలు. ఇక్కడ నేనూ ఆయనా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావగారు, మా చిట్టి ఎలా ఉన్నారో వెంటనే రాయి. బావగారికి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?

నా గురించి కంగారు పడకు. అలసట, అంతే. కొత్త ప్రభుత్వం చిన్నపిల్లలకు వైద్యం ఉచితం చేశాక తల్లులు బిడ్డల్ని వీపున కట్టుకుని ఎక్కడెక్కడి నుంచో మా ఆసుపత్రికి వస్తున్నారు. రావాలి కూడా, ఇన్నాళ్ళూ వాళ్ళని పట్టించుకున్నదెవరు? డాక్టర్లం మాత్రం పెరగలేదు. ఇంటికొచ్చేసరికి అన్నం వార్చే ఓపిక ఉండదు. పైగా చెరకు కోతల రోజులు. కోతకు ముందు తోటలు తగలబెడతారు, ఆ మసంతా ఆరేసిన చీరల మీదే వాలుతుంది. ఉతికిందే ఉతకడం నా వల్ల కావడం లేదక్కా.

పోయిన వారం ఫోన్ చేస్తే చిట్టి ఎత్తింది. "అమ్మ వంటింట్లో ఉంది, పిలవనా?" అంది. అమ్మంటే నువ్వు! నేనే అమ్మనే అంటే, "ఓహో, ఆఫ్రికా అమ్మవా!" అంది. నీ మీద కోపం లేదు, ఒట్టు. కుదురుకునేదాకా ఉంచుకోమని నీకు అప్పగించింది నేనే కదా. ఇప్పుడు కుదురుకున్నాం, వచ్చేయవే అంటే, "అక్కడ నా గది ఏ రంగు?" అని అడిగింది. నీలం అనేశాను. అది వట్టి తెల్ల గది. ఫోన్ పెట్టేశాక వెక్కివెక్కి ఏడ్చాను.

అందుకే ఈ రంగుల పని పెట్టుకున్నాం. మన ఇంట్లో సున్నంలో నీలిమందు కలిపి వేసేవాళ్ళే, ఆ లేత నీలం అనుకున్నాను. కొట్టులో మా ఆయన, "ఆరితే తేలిపోతుంది, ఇంకాస్త చిక్కగా కలపమందాం" అన్నారు. నేనూ తలూపాను. ఇది సున్నం కాదు, పెయింటని ఇద్దరిలో ఒక్కరికైనా తట్టాలిగా! ఆరేకొద్దీ ముదిరింది. లేతా కాదు, ముదురూ కాదు, అచ్చం బడి యూనిఫాం నీలం. బడంటేనే మంచం కింద దూరే పిల్లను ఈ గదిలోకి ఎలా రప్పించను?

మూడో గోడ అవుతుండగా మా ఇంటి యజమానురాలు నర్సమ్మ అవ్వ బీన్స్ కూర తెచ్చింది. ఆవిడ తాతలు మన వైపు నుంచే చెరకు తోటల్లో కూలికి వచ్చారట. గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏం పిల్లా, అంతా బ్లూ చేసినావు. చిన్నదాన్ని అడిగినావా?"

"దూరాన ఉంది కదా అవ్వా."

"దూరం అయితే ఏమి? దానికి నోరు లేదా? ఆ గోడ ఇడిసిపెట్టు."

బ్రష్షు పక్కన పడేసి అక్కడే చతికిలబడ్డాను. నాలుగో గోడ తెల్లగానే ఉంది. నువ్వే చిట్టిని అడుగు. పసుపంటే పసుపు, గులాబీ అంటే గులాబీ. మిగతా మూడూ నచ్చకపోతే మళ్ళీ వేస్తాం. ఆఫ్రికా అమ్మ అని పిలిచినా సరే, వచ్చి తన గోడ తను చూసుకుంటే చాలు.

బావగారికి, మీ అత్తగారికి మా ఇద్దరి నమస్కారాలు చెప్పు. చిట్టికి ముద్దులు. మీ దీవెనలు మా మీద ఉండాలి.

నీ చెల్లెలు,
సుశీల

మరచిపోయాను. చిట్టి పాదం కాగితం మీద ఆనించి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపు. చెప్పులు కొందామని కొట్టుకెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చాను. సైజు ఎంతో నాకు తెలియలేదక్కా.